సులైబియా సెలైన్

ఆగస్టు 2, 1990. గురువారం. ఫింటాస్, కువైట్.

పొద్దున పాలకని కిందికి దిగితే కొట్టు మూసి ఉంది. రోడ్డు మీద ట్యాంకులు వరసగా పోతున్నాయి. కువైట్ వాళ్ళే కవాతు చేస్తున్నారేమో అనుకున్నాను. కొట్టు నడిపే మలబారు ఆయన షట్టరు కింద నుంచి తల బయటపెట్టి, “ఇరాక్‌వాలే ఆ గయే సాబ్, ఊపర్ జావో” అన్నాడు.

మా ఆవిడ రాజ్యశ్రీ, పాప శ్రేయ సెలవులకు విజయవాడ వెళ్ళి ఉండటం మంచిదయింది. ఫోను పలకడం లేదు. రెండు రోజుల్లో అంతా సర్దుకుంటుంది.

ఆగస్టు 4.

సర్దుకోలేదు.

ఆగస్టు 7. మంగళవారం.

ధైర్యం చేసి సులైబియాలో మా మందుల గోదాముకు వెళ్ళాను. దారిలో మూడు చోట్ల ఆపారు. ఇండియన్ అనగానే వదిలేశారు. మా యజమాని వేసవికి జెనీవా వెళ్ళాడు, ఇప్పట్లో రాడు. కంపెనీలో మిగిలిన పెద్ద తలకాయను నేనే. పదకొండేళ్ళుగా ఈ దేశపు ఆస్పత్రులకు ఏ మందు ఎక్కడి నుంచి తేవాలో చూసే కొనుగోళ్ళ మేనేజర్ని.

సరుకు చూసుకున్నాను. మిగతావి ఫరవాలేదు. సెలైన్ మాత్రం పందొమ్మిది రోజులకు సరిపడా ఉంది. పది రోజులకోసారి దక్షిణపు సరిహద్దు దాటి లారీ వస్తుంది కాబట్టి అంతకన్నా ఎక్కువ ఎప్పుడూ పెట్టుకోం. రావలసిన లారీ రాలేదు. ఇక రాదు కూడా, సరిహద్దు మూసేశారు.

సాయంత్రం రేడియోలో చెప్పారు. ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పెట్టింది. ఇరాక్‌కు గాని, ఇప్పుడు దాని చేతిలో ఉన్న కువైట్‌కు గాని ఏ సరుకూ పోకూడదు, ఏదీ రాకూడదు. మందులకు మాత్రం మినహాయింపు ఉంది. అది విని ప్రాణం కుదుటపడింది. చదువుకున్నవాళ్ళు రాసిన తీర్మానం అంటే ఇలా ఉండాలి.

ఆగస్టు 13. సోమవారం.

డాక్టర్ సుధారాణి గోదాముకు వచ్చారు. హైదరాబాద్ ఆవిడ, ప్రభుత్వాసుపత్రిలో పిల్లల డాక్టరు. రెండు రోజులుగా నిద్ర లేదని ముఖమే చెబుతోంది. నర్సులు సగం మంది దేశం దాటిపోయారట. మేడల మీది నీళ్ళ ట్యాంకులు కడిగే దిక్కు లేదు. వార్డు నిండా వాంతులు, విరేచనాలు. నోటితో నీళ్ళు తాగలేని పసివాళ్ళకు నరంలోకి సెలైన్ ఎక్కించడం తప్ప దారి లేదు.

“ఇంకెన్ని సీసాలున్నయి ప్రసాద్ గారూ?”

చెప్పాను.

“అవి అయిపోతే?”

“మందులకు మినహాయింపు ఉందండీ. రేడియోలో చెప్పారు.”

“రేడియోలకెళ్ళి సీసాలు రావు గదా” అన్నారావిడ. తర్వాత కిటికీలోంచి గోదాము వెనక రేకుల షెడ్డు వైపు చూశారు. “నేను కొత్తగా వచ్చినప్పుడు సెలైన్ ఈడనే తయారయ్యేది. సీసాల మీద సులైబియా అని ఉండేది. ఏమైంది అది?”

మూతపడిందని చెప్పాను. ఆరు గల్ఫ్ దేశాలు తమలో తాము సుంకాలు ఎత్తేసుకున్నాయి. పక్క దేశంలో మాకంటే ఇరవై రెట్లు పెద్ద ఫ్యాక్టరీ ఉంది. వాళ్ళ ప్లాస్టిక్ సంచి మా గాజు సీసా కంటే చౌకగా మా గుమ్మంలోకే వచ్చి పడసాగింది. ఆస్పత్రులు చౌకదే కొన్నాయి. ఎవరైనా అదే చేస్తారు.

“ఎవరు మూసిన్రు?”

“ఓనరు.”

అది నిజమే. ఓనరే మూశాడు. నేను రిపోర్టు రాశాను, అంతే. దాంట్లో ఒక వాక్యం ఓనరుకు ఎంతో నచ్చి రెండుసార్లు చదివించుకున్నాడు: ‘చిన్న దేశం అన్నీ తానే తయారు చేసుకోవాలనుకోవడం ఖరీదైన గొప్పతనం.’ 1986లో అది సరైన మాటే. ఇప్పటికీ సూత్రంగా సరైన మాటే.

ఆగస్టు 20.

సైనికులు నాలుగు లారీలతో వచ్చి గోదాము ఊడ్చుకుపోయారు. ఏం పట్టుకుపోయారో రాసి, సంతకం పెట్టి రసీదు కూడా ఇచ్చారు. నేను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎవరికి చూపించాలని?

ఆగస్టు 22.

సుధారాణి గారు చీటీ పంపారు. ‘ఈరోజు ముగ్గురు’ అని ఉంది. ఇంకేం రాయలేదు. రాయనక్కరలేదు.

ఆగస్టు 24. శుక్రవారం.

ఖైతాన్ వెళ్ళాను, నాగేశ్వర కోసం. రాజంపేట దగ్గర పల్లె అతనిది. ఏడో తరగతితో ఆపేశాడు. ఆ షెడ్డులో నీటిని ఆవిరి పట్టి శుద్ధి చేసే యంత్రాన్నీ, సీసాలను ఉడికించే ఆటోక్లేవునూ అతను నడిపినట్టు ఎవరూ నడపలేదు. మేం ఫ్యాక్టరీ మూశాక టైర్ల కొట్లో చేరాడు. గుమ్మం ముందు ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుని ఉన్నాడు. నాలుగేళ్ళ తర్వాత చూడటం. నన్ను చూసి లేచాడు గాని నవ్వలేదు.

“ఏం సార్, ఇంత దూరమొచ్చినారు? బాగుండారా?”

షెడ్డు మళ్ళీ తెరిచి సెలైన్ తీయాలని చెప్పాను. ఉల్లిపాయలు పక్కకు పెట్టి విన్నాడు.

“ఆ మిషన్లు ఇంకా ఉండాయా? అమ్మలేదా?”

“కొనేవాడు దొరకలేదు. అక్కడే ఉన్నాయి, గుడ్డ కప్పి.”

“తుప్పు పట్టింటాయి.” కత్తి గుడ్డకు తుడిచాడు. “సార్, ఒగటి అడుగుతా. ఆ పొద్దు దాన్ని ఎవరు మూపిచ్చినారు?”

“కఫీల్, మన ఓనరు. ఆయనదే నిర్ణయం. మనమేం చేస్తాం నాగేశ్వరా, ఉద్యోగులం.”

నా ముఖంలోకి చూశాడు. మళ్ళీ కూర్చుని ఉల్లిపాయలు తరగడం పూర్తి చేశాడు. నేను నిలబడే ఉన్నాను.

“రేపు పొద్దున్నే వస్తా. సీసాలు కడిగే మనిషిని చూడండి. నాకు ఆ పని చేతకాదు” అన్నాడు.

ఆగస్టు 26.

షెడ్డు తాళం తీశాం. యంత్రం తుప్పు పట్టలేదు. చివరి రోజు నాగేశ్వర దానికి గ్రీజు పూసి వెళ్ళాడట. మూసేస్తున్న దానికి గ్రీజు ఎందుకు పూశావని అడిగాను. “ఊరికే ఇడిసిపెట్టేదానికి మనసొప్పలా” అన్నాడు.

మందులకు వాడే శుద్ధమైన ఉప్పు రెండు డబ్బాలు సీలు తీయకుండా ఉన్నాయి. సీసాలకు సుధారాణి గారు ఆస్పత్రి స్టోరు మూలల్లోని పాతవన్నీ పంపించారు. వాటితో పాటు మస్తాన్ బీని కూడా పంపారు. కడప మనిషి, నలభై ఉంటాయి. ఇళ్ళలో పనిచేసేది. ఆమె ‘మామా’ అని పిలిచే యజమానురాలి కుటుంబం కారెక్కి సౌదీ వెళ్ళిపోతూ ఈమెను గేటు లోపల వదిలేసి తాళం వేసుకుపోయింది. గోడ దూకి నడిచి ఆస్పత్రికి చేరింది.

“తాళం ఎందుకేసినారంటే, ఇల్లు బద్రంగా ఉండాలంట సార్. ఇంట్లో ఉండే నేను సామాన్ల లెక్క” అని నవ్వుతోంది. అరబ్బీ ధాటిగా మాట్లాడుతుంది. తనిఖీల దగ్గర సైనికులను ‘కొడకా’ అని పిలిచి బండి దాటిస్తుంది.

ఆగస్టు 29.

మొదటి విడత నలభై సీసాలు వచ్చాయి. పరీక్ష చేయాలి. నీటిలో కంటికి కనపడని చచ్చిన సూక్ష్మజీవుల మడ్డి మిగిలిపోతే ఎంత ఉడికించినా పోదు. రక్తంలోకి ఎక్కిందంటే వణుకు, జ్వరం. పసివాళ్ళయితే తట్టుకోలేరు. పూర్వం కుందేళ్ళకు ఎక్కించి చూసేవాళ్ళం. ఇప్పుడు కుందేళ్ళు ఎక్కడివి?

“కుందేల్ని నేనుండా గదా సార్” అన్నాడు నాగేశ్వర.

నేనే ఎక్కించుకుందామనుకున్నాను. చొక్కా చెయ్యి మడవడం కూడా మొదలుపెట్టాను. అంతలోనే అతను బెంచీ మీద పడుకున్నాడు. సుధారాణి గారు సూది గుచ్చారు.

నలభై నిమిషాలకు వణుకు మొదలైంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. మస్తాన్ బీ అతని కాళ్ళ మీద కూర్చుంటే తప్ప బెంచీ ఆగలేదు. నలభై సీసాలూ పారబోశాం. సాయంత్రానికి జ్వరం దిగింది.

“మొదట వచ్చే నీళ్ళు బుడ్డెడు పారబోయాల. మర్సిపోయినా. నాలుగేండ్లయింది గదా” అన్నాడు లేవగానే.

చొక్కా చెయ్యి మడుస్తున్నానని అతనికి తెలుసో లేదో.

సెప్టెంబరు 2.

మళ్ళీ అతనే పడుకున్నాడు. ఈసారి ఏమీ కాలేదు. పడుకునే మస్తాన్ బీకి ఊరి కథలు చెప్పాడు. వాళ్ళావిడ పేరు గురమ్మ. ఆమె కోపమొస్తే పెనానికేసి అట్లకాడ కొట్టే చప్పుడు చేసి చూపించాడు.

సీసాలు ఆస్పత్రికి వెళ్ళాయి.

సెప్టెంబరు 9. ఆదివారం.

రోజుకు ఎనభై సీసాలు తీస్తున్నాం. ఇవాళ నేనే స్వయంగా తీసుకెళ్ళాను. వార్డులో ఒక పాలస్తీనా తల్లి ఒళ్ళో ఏడు నెలల పిల్ల. మొన్న కళ్ళు లోపలికి పోయి, ఏడుద్దామన్నా నీటిచుక్క రాని పిల్ల. ఇవాళ నా కళ్ళజోడు లాగింది. సీసా మీద మస్తాన్ బీ బొగ్గుతో గీసిన గీత ఉంది, ఏ రోజుదో తెలియడానికి.

“వారం సంది ఒక్క పిల్లగాడు గూడ పోలేదు” అన్నారు సుధారాణి గారు. కారిడార్‌లో నిలబడే, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. నిద్రే అనుకుంటాను.

షెడ్డుకు తిరిగి వస్తూ పాట పాడుకున్నాను. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ పాడుకోలేదు. మస్తాన్ బీ రేకు డబ్బాలో టీ కాచింది. ముగ్గురం షెడ్డు నీడలో కూర్చుని తాగాం. ఈ దేశానికి సెలైన్ తయారు చేసే ఒకే ఒక్క చోటు ఇది. దీన్ని నడిపిస్తున్నది నేను.

నడిపిస్తున్నది మేము.

సెప్టెంబరు 13. గురువారం.

నాగేశ్వర సీసాలకు మూతలు బిగిస్తున్నాడు. మంచి మనసుతోనే అన్నాను, “ఓనరు ఆనాడు దీన్ని మూయకుండా ఉంటే ఎంత బాగుండేది” అని.

“ఊరుకోండి సార్” అన్నాడు, తల ఎత్తకుండా. “ఆ పొద్దు మూసేసే నోటీసు మీద ఉండేది మీ సంతకమే గదా. నాకు ఇంగ్లీషు రాదు గాని, నెలనెలా జీతం చీటీ మీద చూసిన సంతకం గుర్తుపట్టలేనా?”

చెవుల్లోకి వేడి ఎక్కింది. “మరి ఖైతాన్‌లో ఎందుకు అడిగావు?”

“చెప్తారేమోనని.”

మూతలు బిగించే చప్పుడు ఆగలేదు. నేను చెప్పుకోవలసింది చెప్పుకున్నాను. ఆరు దేశాల ఒప్పందం. సుంకం లేని సరుకు. ఏ మేనేజరున్నా అదే రాసేవాడు. చౌకగా గుమ్మంలోకి వస్తుంటే...

“చౌకే సార్. వచ్చినన్నాళ్ళూ చౌకే.”

“అన్నీ తెలిసి ఎందుకొచ్చావు మరి?”

“మీ కోసరం రాలేదు.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జవాబు చెప్పేవాణ్ణి.

సెప్టెంబరు 17.

మిషన్లు తీసుకుపోయారు. నాగేశ్వరను కూడా తీసుకుపోయారు. నేనేమీ చెప్పలేదు.

సెప్టెంబరు 18.

నిన్న ఒక్క ముక్కలో రాశాను. వివరంగా రాసి పెట్టుకోవడం మంచిది.

పదకొండు గంటలప్పుడు ఒక అధికారి, ఆరుగురు సైనికులు, ఒక క్రేను లారీ వచ్చారు. ఆ అధికారి కూడా డాక్టరే, బస్రా వాడు. ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతున్నాడు. ఆటోక్లేవు చుట్టూ తిరిగి చేత్తో తట్టాడు, గేదెను బేరమాడేవాడిలా.

“మా ఊళ్ళో పిల్లలకూ ఇదే జబ్బు. మందులకు మినహాయింపు ఉందని మీ రేడియో రోజూ చెబుతుంది. ఆరు వారాల్లో మాకు ఒక్క సీసా రాలేదు. ఓడ కదలాలంటే కమిటీ కూర్చోవాలి. ఇది మందా, సరుకా అని తేల్చాలి. ఉప్పునీళ్ళు ఏ జాబితాలోకి వస్తాయో ఇంకా తేలలేదట” అన్నాడు.

“మా గోదాము మీరు ఊడ్చుకుపోయారు కదా” అన్నాను. ఈ మాట నేను అన్నాను. మర్చిపోకూడదు.

“అది బాగ్దాద్ వెళ్ళింది. నేను బస్రా గురించి మాట్లాడుతున్నాను” అన్నాడు.

యంత్రాల బోల్టులు విప్పడం మొదలుపెట్టారు. అప్పుడు అడిగాడు, “దీన్ని నడిపేదెవరు?”

“నేను మేనేజర్ని” అన్నాను. అది అబద్ధం కాదు.

“నిన్ను అడగలేదు. నడిపేదెవరు?”

షెడ్డులో మేం ముగ్గురమే ఉన్నాం. ఒకరు మేనేజరు. ఒకరు తొట్టి దగ్గర కూర్చున్న ఆడమనిషి. ఆ మూడో మనిషి అటు తిరిగి ఆఖరి విడత సీసాలు దింపుతున్నాడు. చేతులకు కాలిన మచ్చలున్నాయి. ఎవరైనా చెప్పగలరు. నేను చెప్పాల్సిన అవసరమే లేదు. నేను చెప్పలేదు. అటు చూశానేమో, అంతే. మనిషన్నాక ఎటో ఒకటి చూస్తాడు.

నాగేశ్వర ఒక్క నిమిషం ఆగమన్నాడు. వేడి సీసాల ట్రే మీద గుడ్డ కప్పి, “చల్లారేదాకా ముట్టుకోవాకు మస్తానమ్మా, పగులుతాయి” అని చెప్పాడు. లారీ వెనక, ఆటోక్లేవు పక్కన ఎక్కి కూర్చున్నాడు.

పది రోజుల్లో పంపించేస్తామని ఆ అధికారి మాటిచ్చాడు. మర్యాదస్తుడు.

సెప్టెంబరు 19.

మిగిలిన సీసాలు ఆస్పత్రికి చేర్చాను. సుధారాణి గారికి జరిగింది చెప్పాను. ఎలా జరిగిందో చెప్పలేదు. ఆవిడ సీసాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశారు.

“మన ఎంబసీ వాళ్ళు బస్సులు పెడుతున్నరంట. మీరు పొండి ప్రసాద్ గారూ.”

“మీరు?”

“నేను యాడికి పోతా? వార్డుంది గదా.”

“నేనూ ఉంటాను, నాకు చేతనైన...”

“మీరుండి ఏం చేస్తరు?” అన్నారు. ఎగతాళి కాదు. నిజంగానే అడిగారు.

సెప్టెంబరు 22.

పది రోజులు ఇంకా కాలేదు.

సెప్టెంబరు 27. గురువారం. బస్సులో, బస్రా దాటాక.

పది రోజులు నిన్నటితో అయ్యాయి. బస్సు బస్రాలో అరగంట ఆగింది. దిగి ఆస్పత్రి ఎక్కడని అడుగుదామనుకున్నాను. దిగినవాళ్ళను వదిలి బస్సు వెళ్ళిపోతుందని డ్రైవరు ముందే చెప్పాడు.

మస్తాన్ బీ ఇదే బస్సులో ఉంది. ఎక్కినప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. వెనక సీటులో కిటికీ పక్కన కూర్చుంది. నీళ్ళ సీసా ఇద్దామని వెళ్ళాను. తీసుకోలేదు.

“మస్తాన్ బీ, నేను వాళ్ళకు ఏమీ చెప్పలేదు. నువ్వు అక్కడే ఉన్నావు కదా.”

“ఉండా సార్. నోటితో చెప్తేనే చెప్పినట్టా? మీ చెయ్యి లేసింది. ఏలు పెట్టి చూపించినారు. నేను చూసినా, ఆయప్పా చూసినాడు.”

“నాగేశ్వర అటు తిరిగి ఉన్నాడు.”

“ఎదురుగా అద్దాల బీరువా ఉండాది సార్, షెడ్డులో.”

నా సీటుకు వచ్చి కూర్చున్నాను. షెడ్డులో అద్దాల బీరువా ఉంది, నిజమే. చెయ్యి సంగతి నాకు గుర్తు లేదు. మనిషి భయపడినప్పుడు చెయ్యి దానంతటది కదులుతుంది. డాక్టర్లను అడిగితే చెబుతారు.

అక్టోబరు 6. విజయవాడ.

జోర్డాన్‌లో అమ్మాన్ దగ్గర ఎడారి గుడారాల్లో ఆరు రోజులు, తర్వాత విమానంలో బొంబాయి, అక్కడి నుంచి రైలు. స్టేషన్‌లో శ్రేయ నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

ఇంటికి వచ్చినవాళ్ళందరికీ రాజ్యశ్రీ సెలైన్ సంగతి చెబుతోంది. “మూతపడ్డ ఫ్యాక్టరీ తెరిపించి పిల్లల్ని బతికించారు మావారు” అంటోంది. నేను అంతవరకే చెప్పాను. అంతవరకు నిజమే.

జనవరి 17, 1991.

యుద్ధం మొదలైంది. బాంబులు బాగ్దాద్ మీద అన్నారు. బస్రా మీద కూడా అన్నారు.

మార్చి 11.

ఓనరు జెనీవా నుంచి టెలిగ్రాం కొట్టాడు. కువైట్ మళ్ళీ తెరుస్తున్నారు, వీసా రాగానే రమ్మన్నాడు. పక్క దేశపు ఫ్యాక్టరీతో సెలైన్ కాంట్రాక్టు పునరుద్ధరించాలి. షెడ్డు ఖాళీగా ఉంది కాబట్టి కార్లు పెట్టుకోవడానికి పనికొస్తుందా అని అడిగాడు.

పనికొస్తుందని జవాబిచ్చాను. వేరే ఏం చెప్పను? మిషన్లు లేవు. నడిపే మనిషి లేడు.

సుధారాణి గారి సంగతి కువైట్ నుంచి తిరిగి వచ్చిన ఒకాయనను అడిగి తెలుసుకున్నాను. వార్డు వదల్లేదట. చివరి నెలల్లో సెలైన్ బదులు ఎక్కించడానికి కొబ్బరినీళ్ళయినా దొరుకుతాయేమోనని మనుషులను తిప్పారట. ఎంతమంది పిల్లలు పోయారో ఆయన చెప్పబోయాడు. నాకు వేరే పని ఉందని వచ్చేశాను.

ఏప్రిల్ 14. ఆదివారం.

గురమ్మ వచ్చింది. రాజంపేట నుంచి రాత్రంతా బస్సులో వచ్చి, అడ్రసు కనుక్కుని పది గంటలకు గుమ్మంలో నిలబడింది. సన్నటి మనిషి. చేతిలో గుడ్డసంచి.

“ప్రసాదు సారు ఇల్లు ఇదేనా? నేను నాగేశ్వర పెండ్లాన్ని.”

రాజ్యశ్రీ ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. కాఫీ ఇస్తే చల్లారేదాకా పట్టుకుని కూర్చుంది. సంచిలోంచి ఒక క్యాసెట్టు తీసింది. పుల్లంపేట మనిషి ఒకడు డిసెంబరులో బస్రా నుంచి బయటపడుతూ తెచ్చి ఇచ్చాడట. ఉత్తరం రాయడం ఇష్టం లేనివాళ్ళు గల్ఫ్ నుంచి ఇలా మాట్లాడి పంపుతారు.

“మీరు ఇనాల సార్. మీ పేరుండాది.”

శ్రేయ టేప్‌రికార్డరు తెచ్చి పెట్టింది. నేను లేచి వెళ్ళిపోవాల్సింది.

“గురమ్మా, నేను బాగుండా. మిషన్ని ఈడ ఆస్పత్రి ఎనకాల పెట్టినారు. ఈడ పిల్లోళ్ళు గూడా మన పిల్లోళ్ళ మాదిరే ఏడుస్తారు, ఏం తేడా లేదు. నన్ను పొమ్మంటా ఉండారు గాని, ఒగనికి పని నేర్పిస్తా ఉండా. వాడికి వచ్చినంక వస్తా. ప్రసాదు సారు నన్ను పట్టియ్యలేదు. మిషన్‌తో నేనే పోతానంటి. ఆ సార్ని ఎవరన్నా ఏమన్నా అంటే నువ్వు ఒప్పుకోవాకు. మంచోడే. కాకపోతే శానా భయస్తుడు.”

రాజ్యశ్రీ నవ్వింది. “అంత దూరం నుంచి కూడా మిమ్మల్ని ఎంత బాగా కనిపెట్టాడండీ” అంది, కళ్ళు తుడుచుకుంటూ.

ఎందుకలా చెప్పాడు? నన్ను క్షమించాడని అనుకోవచ్చు. పెళ్ళాం గుండె పగలకూడదని చెప్పాడనీ అనుకోవచ్చు. నేను మొదటిదే అనుకుంటున్నాను.

గురమ్మ ఒక కాగితం తీసింది. కడప కలెక్టరాఫీసులో ఇచ్చారట, తిరిగి రానివాళ్ళ కోసం. అంతా ఇంగ్లీషు. ‘సారు చదువుకున్నోడు, ఆయప్పే రాస్తాడు’ అని ఎవరి చేతా రాయించకుండా తెచ్చింది.

పేరు, వయసు, ఊరు నింపాను. తర్వాత రెండు గడులు. బలవంతంగా తీసుకుపోబడ్డాడు. తన ఇష్టంతో ఉండిపోయాడు. కింద సన్న అక్షరాల్లో ఉంది: మొదటి గడిలోని పేర్లు వెంటనే రెడ్‌క్రాస్ వాళ్ళకు పంపి వెతికిస్తారు. రెండో గడిలోవి, అక్కడ మన ఎంబసీ మామూలుగా పనిచేయడం మొదలయ్యాక చూస్తారు. మొదటి గడి నింపితే, తీసుకుపోతుండగా చూసిన మనిషి జరిగింది జరిగినట్టు వెనకవైపు రాసి సంతకం పెట్టాలి. ఎవరు అడిగారు, ఎవరు చూపించారు, అన్నీ.

వెనకవైపు ఖాళీగా ఉంది. పదిహేను గీతలు.

గురమ్మ నా చేతి వైపు చూస్తోంది. చదవడం రాదు కాబట్టి, చేతి వైపే చూస్తోంది. వంటింట్లోంచి రాజ్యశ్రీ, “మీరు టిఫిన్ తినే వెళ్ళాలమ్మా” అని కేక వేసింది.

అతని మాటే కదా నేను రాస్తున్నది. అతని గొంతుతో, క్యాసెట్టులో ఉన్న మాట. దాన్ని కాదనడానికి నేనెవరిని?

రెండో గడిలో గుర్తు పెట్టాను. స్టాంపు ప్యాడ్ తెచ్చి ఆమె బొటనవేలు పట్టుకుని, చూపించిన చోట వేయించాను. వేలు గరుకుగా ఉంది. ముద్ర బాగా పడలేదని ఆమే మళ్ళీ ఒకసారి అదిమి పెట్టింది.

కాగితం ఆరేదాకా ఊది, మడిచి, జాకెట్లో పెట్టుకుంది.

“ఇంగ ఆయప్పను దేవులాడతారు గదా సార్?”

“దేవులాడతారమ్మా” అన్నాను.